“అది కల అయ్యుంటుంది” అని మా చేత రాయించకండి: నవలల పోటీలు పెట్టేవారికి బహిరంగ లేఖ

తెలుగు నవలల పోటీలు నిర్వహించే పత్రికల సంపాదకులకు, సాహిత్య సంస్థల బాధ్యులకు, న్యాయనిర్ణేతలకు, ప్రచురణకర్తలకు

నమస్కారం.

మీ తర్వాతి పోటీ ప్రకటన రాసే ముందు ఈ ఉత్తరం చదవాలని కోరుకుంటున్నాను. చిన్న ఊళ్ల గురించి, ఆ ఊళ్లలో రోజువారీ పనుల మధ్యే వింతలు కూడా జరిగిపోయే నవలలు రాసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. విమర్శకులు ఈ పద్ధతిని మాజికల్ రియలిజం అంటారు, కొందరు మాంత్రిక వాస్తవికత అని రాస్తారు. ఇలాంటి రాతప్రతి మీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మీలో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “ఇది కథలో నిజంగా జరిగిందా, ఆ పాత్ర భ్రమా? ఎక్కడో ఒకచోట తేల్చండి.” ఈ ప్రశ్న అడగడం మానేయండి. ఎందుకు మానేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

నా రాతప్రతి సంగతి ముందు చెప్తాను. ఆ పోటీ పేరు ఇక్కడ అనవసరం, ఆ అభిప్రాయం ఒక్క పోటీదే కాదు కాబట్టి. మా నాన్న బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, తర్వాత డ్రైవరయ్యారు. నెల్లూరు, కావలి మధ్య, మద్రాసు–విజయవాడ లైను మీద ఉన్న ఊరది. ఒకప్పుడు అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది, వరసలు వరసలుగా రైల్వే క్వార్టర్లు ఉండేవి. ఇంజన్లకు బొగ్గు, నీళ్లు నింపడం, డ్రైవర్లు డ్యూటీ మారడం అంతా అక్కడే. లైను మీదికి కరెంటు ఇంజన్లు వచ్చాక ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, చాలా ఇళ్లకు మొండిగోడలే మిగిలాయి. నా నవలలో ఊరికి వేరే పేరు పెట్టాను కానీ, చూసినవాళ్లు మొదటి పేజీలోనే గుర్తుపడతారు.

ఆ నవలలో షెడ్డు మూసేసిన చాలా ఏళ్లకు ఒక రాత్రి కాల్‌బాయ్ మళ్లీ వస్తాడు. డ్రైవర్లను నిద్రలేపి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని డ్యూటీకి పంపడం అతని పని. రిటైరైన ముసలి డ్రైవర్లు లేచి, సంతకం పెట్టి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని చీకట్లోకి వెళ్తారు. తెల్లారి బొగ్గు మసితో తిరిగొస్తారు. ఇంట్లో ఆడవాళ్లు నీళ్లు కాచి పెడతారు, ఆ మసి చొక్కాలు ఎవరు ఉతకాలి అని కసురుకుంటారు. కొన్నాళ్లకు ఓవర్‌టైం రావడం లేదేమని అడుగుతారు. ఆఫీసుకు వెళ్తే ఆ ఊళ్లో షెడ్డు ఉన్నట్టు రికార్డే లేదంటారు. కథ అక్కణ్ణుంచి నడుస్తుంది.

రాతప్రతి తిరిగొచ్చింది, మర్యాదగానే. భాష బాగుందన్నారు, ఊరు కళ్లకు కట్టిందన్నారు. ఒక్క మార్పు చేస్తే మళ్లీ చూస్తామన్నారు. డ్రైవర్లు రాత్రిపూట వెళ్లడం ముసలితనపు మతిమరుపనో, కలనో ఒక అధ్యాయంలో చెప్పాలట. లేకపోతే మూఢనమ్మకాలను ప్రోత్సహించే రచనలు పంపకూడదన్న నిబంధనకు అడ్డం వస్తుందట.

ఆ మార్పు చేయకూడదని నేను నిర్ణయించుకోవడానికి కారణం పంతం కాదు. ఈ పద్ధతిలో రాసినవాళ్లందరిలోకీ ఎక్కువమంది చదివిన కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ నవల ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లోనే దీనికి జవాబుంది. మీలో చాలామంది ఆయన్ని చదివారు, సభల్లో ఆయన పేరు చెబుతారు కూడా. అందుకే ఆయన ఊరి మీదుగానే నా మాట చెప్తాను.

ఆయన 1927 మార్చి 6న కొలంబియాలో కరీబియన్ తీరానికి దగ్గరగా ఉన్న అరకటాకా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు అక్కడే అమ్మమ్మ తాతయ్యల ఇంట్లో పెరిగాడు. అరటి తోటలు, వాటి పక్కనే రైలు, వాటి మీద పెత్తనం చేసే అమెరికన్ యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ, ఇదీ ఆ ప్రాంతం. కంపెనీ ఉన్నన్నాళ్లు ఊళ్లో డబ్బు తిరిగింది. కంపెనీ వెళ్లిపోయాక ఎండ, దుమ్ము, ఖాళీ ఇళ్లు మిగిలాయి. పెద్దయ్యాక తల్లితో కలిసి ఆ పాత ఇల్లు అమ్మడానికి వెళ్లినప్పుడు చూసింది ఆ ఊరినే. తన నవలల్లో ఊరికి పెట్టుకున్న మకొండో అనే పేరు కూడా రైల్లోంచి కనబడే ఒక అరటి తోటది. లోకో షెడ్డు పోయిన ఊళ్లో పెరిగినదాన్ని కాబట్టి, ఇది చదివినప్పుడు నాకు పరాయి దేశంలా అనిపించలేదు.

1928లో ఆ తోటల కూలీలు సమ్మె చేశారు. డిసెంబర్ 5 రాత్రి, తెల్లారితే 6వ తేదీ, దగ్గర్లోని సియెనగా అనే ఊళ్లో రైల్వే స్టేషన్ దగ్గర గుమిగూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎంతమంది పోయారో ఇప్పటికీ తేలలేదు. సైన్యం చెప్పిన లెక్క చిన్నది, జనం చెప్పుకున్నది చాలా పెద్దది. మరుసటి ఏడాది గైతాన్ అనే నాయకుడు పార్లమెంటులో దీని మీద గట్టిగా నిలదీశాడు. తర్వాత అధికారిక చరిత్రలో ఆ సంగతి పలచబడిపోయింది. కాల్పులు జరిగేనాటికి మార్క్వెజ్‌కి రెండేళ్లు కూడా నిండలేదు. పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విని పెరిగాడు.

1967లో వచ్చిన ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లో ఈ కాల్పులున్నాయి. హోసే అర్కాదియో సెగుందో అనే పాత్రకు శవాలు నింపిన రైల్లో మెలకువ వస్తుంది. దాదాపు 200 పెట్టెలున్న రైలు. దూకి, వానలో నడిచి ఊరికొచ్చి, చనిపోయినవాళ్లు 3,000 మంది ఉంటారని చెప్తాడు. ఎవరూ నమ్మరు. ఇక్కడ చావులేం జరగలేదంటారు. తమ మనుషుల కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో సైనికాధికారులు ఏమంటారో గుర్తుందా? అది కల అయ్యుంటుంది, మకొండోలో ఏమీ జరగలేదు, ఇది సుఖంగా ఉన్న ఊరు అంటారు.

అయ్యా, అమ్మా, మీరు అడిగిన మార్పు సరిగ్గా ఇదే. “అది కల అయ్యుంటుంది.” ఆ నవలలో ఈ మాట అనేది తుపాకులున్నవాళ్లు. మిమ్మల్ని వాళ్లతో పోల్చడం లేదు, మీరు సాహిత్యం మీద ప్రేమతోనే చదువుతారని నాకు తెలుసు. అయినా ఆ ప్రశ్న ఎవరి నోట్లోంచి వస్తుందో మార్క్వెజ్ చూపించాక కూడా మనం దాన్ని పోటీ నిబంధనగా పెట్టుకోవడం నాకు బాధగా ఉంది.

అదే ఊళ్లో జనం వేటిని నమ్ముతారో చూడండి. జిప్సీలు తెచ్చిన ఎగిరే తివాచీని నమ్ముతారు. వేడి చాక్లెట్ తాగిన పాదిరి నేల మీంచి 12 సెంటీమీటర్లు పైకి లేస్తే చూసి, చర్చి కట్టడానికి చందాలిస్తారు. నాలుగేళ్ల పదకొండు నెలల రెండు రోజులు ఆగకుండా వాన కురిస్తే గొడుగు కింద బతకడం నేర్చుకుంటారు. వీటిలో దేని గురించీ ఎవరూ సందేహించరు. పట్టపగ్గాల్లేని ఇన్ని వింతల్ని మింగిన జనం నమ్మనిది ఒక్కటే, కళ్లముందు జరిగిన కాల్పులు. నవల బరువంతా అక్కడుంది. చాక్లెట్ తాగిన పాదిరి ఎగరడం మతిభ్రమణమని ఎవరైనా ఎడిటర్ ఒక వాక్యం చేర్పించి ఉంటే ఈ తూకం చెడిపోయేది. కాల్పులకూ పాదిరికీ ఒకటే గొంతు వాడాడు కాబట్టే, కాల్పుల్ని కాదన్నప్పుడు మనకు కడుపు మండుతుంది.

ఇంకొక చోట మీ ప్రశ్నకు ఆయన నేరుగానే జవాబిచ్చాడు. రెమెదియోస్ అనే అందగత్తె దుప్పట్లు మడతపెడుతూ, ఆ దుప్పట్లతో సహా ఆకాశంలోకి లేచిపోతుంది. వెంటనే ఒక వాక్యం వస్తుంది. ఊరి బయటినుంచి వచ్చినవాళ్లు మాత్రం, పిల్ల ఎవరితోనో లేచిపోయి ఉంటుందని, పరువు కోసం ఇంటివాళ్లు ఈ కథ అల్లారని అనుకున్నారని. అంటే తర్కానికి అందే జవాబు నవలలోనే ఉంది, దాచలేదు. దాన్ని బయటివాళ్ల నోట్లో పెట్టి ఆయన ముందుకు సాగిపోయాడు. ఇంట్లోవాళ్ల బాధ వేరు. తమ్ముడి భార్య ఫెర్నాండా తన మంచి దుప్పట్లు పోయాయని, వాటిని తిరిగి పంపమని దేవుడికి మొక్కుకుంటుంది. నాకు ఈ వాక్యం చదివిన ప్రతిసారీ మా కాలనీ ఆడవాళ్లు గుర్తొస్తారు. చనిపోయిన మనిషి కలలో కనబడ్డాడంటే, ఏం చొక్కా వేసుకున్నాడని అడిగేవాళ్లు.

ఈ గొంతు అమ్మమ్మ ట్రాన్‌కిలీనాదని మార్క్వెజ్ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఎంత వింత సంగతైనా ఆవిడ ముఖంలో మార్పు లేకుండా, జరిగిందే చెబుతున్నట్టు చెప్పేదట. తను మొదట్లో రాసినవాటిలో కుదరనిది అదేనని, తను చెప్పేదాన్ని తనే నమ్మకుండా రాశానని 1981లో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. ఇదే మనవాళ్లలో ఒక అమ్మమ్మ చెప్తే మీరు నోరు తెరిచి వింటారు. అదే గొంతు టైపు చేసిన కాగితం మీదికి వచ్చేసరికి రుజువు అడుగుతారు.

మూఢనమ్మకాల నిబంధన గురించి మాట్లాడకుండా దాటేయను. ఆ నిబంధన పెట్టినవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, గౌరవమూ ఉంది. తెలంగాణలో, ఆంధ్రలో చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. చనిపోయినవాళ్లలో చాలామంది పేదవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. అలాంటి నేల మీద రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. 1980ల్లో చేతబడి సీరియళ్లు వారపత్రికల సర్క్యులేషన్‌ని అమాంతం పెంచిన రోజులూ తెలుసు. కానీ ఆ సీరియళ్లు నిలబడింది దేని మీదో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకవైపు మంత్రగాడు, ఒకవైపు డాక్టరు, ఇది నిజమా అబద్ధమా అన్న టెన్షన్ వారం వారం లాగడం. భయం పుట్టేది ఆ ప్రశ్నలోంచే. మీరు మమ్మల్ని కూడా అదే ప్రశ్న చుట్టూ తిరగమంటున్నారు. మార్క్వెజ్ తరహా నవలలో ఆ ప్రశ్నే లేదు కాబట్టి భయమూ లేదు, మంత్రగాడికి పెత్తనమూ లేదు. ఎవరూ ఎవరికీ తాయెత్తు కట్టరు.

కాబట్టి ఒక రచన మూఢనమ్మకాన్ని పెంచుతోందా లేదా అని చూడాలంటే, అందులో వింత ఉందా లేదా అన్నది కొలత కాదు. ఆ వింత వల్ల ఎవరికి అధికారం దక్కుతోంది, ఎవరి మీద నింద పడుతోంది అన్నది చూడండి. వింత చూపించి ఒక ముసలావిడని దోషిగా నిలబెట్టిన నవలని తప్పకుండా పక్కన పెట్టండి, నేనూ మీతో నిలబడతాను. ముసలి డ్రైవర్లు చీకట్లో డ్యూటీకి వెళ్లడం వల్ల ఎవరికి హాని జరిగిందో మాత్రం చెప్పండి.

ఇది మనకు కొత్త కూడా కాదు. నిజామాబాద్ జిల్లాలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ బతికిన డాక్టర్ కేశవరెడ్డి, తను పుట్టిన చిత్తూరు జిల్లా పల్లెల గురించి రాశారు. ‘మూగవాని పిల్లనగ్రోవి’లో పొలం పోగొట్టుకున్న బక్కిరెడ్డి కథ రైతు కథగానే మొదలై, ఒక చోట దాటాక ఊరు చెప్పుకునే గాథ అయిపోతుంది. ఆ దాటే చోటు ఎక్కడో వేలు పెట్టి చూపించలేం, చూపించాల్సిన పనీ లేదు. వ్యంగ్య రచయిత కె.ఎన్.వై. పతంజలి తన సొంతూరు అలమండలో భూమి బల్లపరుపుగా ఉందా, గుండ్రంగా ఉందా అని జనం చేత తగువులు పెట్టించారు. గ్లోబు తెచ్చి చూపించమని ఆయన్ని ఎవరూ అడగలేదు. వాళ్లను గొప్పవాళ్లని పొగుడుతూ, వాళ్ల దారిలో వచ్చే రాతప్రతిని మాత్రం నిబంధన చూపించి వెనక్కి పంపడం న్యాయమేనా?

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నా మాట సగమే అవుతుంది. మార్క్వెజ్‌కి పేరొచ్చాక లాటిన్ అమెరికా రచయితలందరి దగ్గరా వింతలే ఆశించడం మొదలైంది. చిలీ రచయిత అల్బెర్తో ఫుగెత్ అమెరికాలో ఉండగా ఒక పత్రికకు కథ ఇస్తే, ఇది ఏ ఊళ్లోనైనా జరగొచ్చు, ఇందులో మాజికల్ రియలిజం లేదని తిప్పి పంపారు. ఆ కోపంతోనే ఆయన, సెర్హియో గోమెస్ కలిసి షాపింగ్ మాల్స్, కేబుల్ టీవీ మధ్య బతికే కుర్రాళ్ల కథలతో 1996లో ఒక సంకలనం తెచ్చారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అక్కడ వింత లేదని తిప్పి పంపారు, ఇక్కడ వింత ఉందని తిప్పి పంపుతున్నారు. రెండుచోట్లా ఆ ఊరు ఎలా ఉండాలో రచయిత కంటే ముందే ఎడిటర్ తేల్చేసుకున్నాడు.

అలాగని వింత ఉన్న ప్రతి రాతప్రతికీ బహుమతి ఇవ్వమని నేను అడగడం లేదు. మార్క్వెజ్ నవలలోని పసుపు సీతాకోకచిలుకలు నాలుగు చల్లి, చచ్చిపోయిన తాతను వరండాలో కూర్చోబెట్టి, అదే మాజికల్ రియలిజం అనుకునేవాళ్లు మన దగ్గరా బయల్దేరారు. అలాంటివి నేనూ చదివి విసుక్కున్నాను. వాటిని పట్టుకోవడానికి నిజమా భ్రమా అన్న ప్రశ్న అక్కరకు రాదు. వివరాలు అడగండి. ఆకాశంలో ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరు, 425 ఏనుగులు ఎగురుతున్నాయంటే నమ్మొచ్చు అన్నాడు మార్క్వెజ్. పాత్రికేయుడిగా పనిచేసినవాడు, ఆ లెక్క విలువ తెలుసు. రెమెదియోస్‌ని పైకి లేపడం ఎంతకీ కుదరక అవస్థ పడుతుంటే, గాలిలో దుప్పట్లు ఆరేస్తున్న మనిషిని చూశాక ఆ సన్నివేశం నిలబడిందని ఆయనే చెప్పాడు. అంటే ఎగరడానికి కూడా ఒక పని, ఒక వస్తువు, ఒక గాలి కావాలి. నా రాతప్రతిలో అది లేదనిపిస్తే అది చెప్పి తిప్పి పంపండి, తల వంచి తీసుకుంటాను. కాల్‌బాయ్ చేతిలో పుస్తకం ఎలా ఉంది, లాంతరు ఏ చేత్తో పట్టుకున్నాడు, సంతకం పెట్టడానికి ముసలాయనకు కళ్లజోడు దొరికిందా లేదా? వీటిలో తప్పు పట్టండి.

తిరస్కారం అంటే భయపడి రాస్తున్న ఉత్తరం కాదిది. మార్క్వెజ్ మొదటి నవలను బ్యూనస్ ఎయిర్స్‌లోని లొసాదా అనే పెద్ద ప్రచురణ సంస్థ తిప్పి పంపింది. చదివిన విమర్శకుడు గిల్లెర్మో దె తొర్రె, నవలా రచన మానుకుని వేరే పని చూసుకోమన్నాడు. అదే నగరంలో 1967లో సుదమెరికానా అనే సంస్థ, కొలంబియా బయట పెద్దగా పేరు లేని ఈ రచయిత నవలను మొదటి ముద్రణే 8,000 ప్రతులు వేసింది. అవి కొద్ది వారాల్లోనే అయిపోయాయి. 1982లో నోబెల్ వచ్చింది. ఒకే నగరంలో ఇద్దరు ఎడిటర్లు. రెండోవాడు సుదమెరికానాలోని పోరువా, రాతప్రతి చదివి అచ్చుకు పంపాడు. మనకు అలాంటివాళ్లు కావాలి. మీలోనే ఉన్నారని నమ్మి రాస్తున్నాను.

బిట్రగుంట లాంటి ఊళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. మిల్లు మూతపడిన ఊళ్లు, గనులు అయిపోయిన ఊళ్లు, ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లు. అక్కడ బతికినవాళ్లకు రికార్డు లేదు, ఆఫీసులో అడిగితే ఫైలు లేదు. వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే కథలే మిగిలాయి, వాటిలో ఇంజన్లు ఇంకా నడుస్తాయి, మునిగిన గుడిలో గంట మోగుతుంది. ఆ కథల్ని నవలలుగా రాస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఉన్నారని నాకు తెలుసు. కొందరు నాకు ఫోన్ చేసి, పోటీకి పంపాలంటే ఆ భాగాలు తీసేయాలా అక్కా అని అడుగుతున్నారు. తీసేస్తే అది ఆ ఊరి నవల కాదు. తీసేయకపోతే మీ నిబంధన దాటదు. వాళ్లకు ఏం చెప్పమంటారు?

నేను కోరేది పెద్దదేమీ కాదు. మూఢనమ్మకాల మీద నిబంధన ఉంచుకోండి, కానీ మనుషుల మీద ద్వేషాన్ని, భయాన్ని పెంచే రచనలు పంపకూడదని స్పష్టంగా మార్చి రాయండి. రచన వాస్తవికంగా ఉండాలి అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి, ఆ మాట కింద ప్రతి న్యాయనిర్ణేతా తనకు తోచిన అర్థం పెట్టుకుంటున్నారు. నవలల్ని చదివే ముగ్గురిలో ఒకరైనా ఊరి నోటి కథలు, ఒగ్గు కథ, బుర్రకథ, జముకుల కథ విని పెరిగినవాళ్లు, లేదా వాటి మీద పనిచేసినవాళ్లు ఉండేలా చూడండి. తిప్పి పంపేటప్పుడు కారణం రాయండి. ఆ కారణం వాక్యం గురించి, పాత్ర గురించి, నిర్మాణం గురించి ఉండనివ్వండి.

నా నవల మళ్లీ పంపుతాను. డ్రైవర్లు డ్యూటీకి వెళ్లే ఆరు అధ్యాయాలూ అలాగే ఉంటాయి, చొక్కాల మసితో సహా.

ఇట్లు,
మీ పోటీలకు నవలలు పంపే ఒక రచయిత్రి,
నెల్లూరు జిల్లా